డొల్ల మద్ది

నా నోరు మంచిది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్లకూ సుఖం. మొక్కల పనిలో నాతో చేసిన ఆడవాళ్లు ఎదురుగా ఉంటే నన్ను అక్కా అనేవాళ్లు, నేను అటు తిరిగితే సైరన్ అనేవాళ్లు. నాకు తెలియదనుకునేవాళ్లు. గని సైరనైనా షిఫ్టుకొకసారి మోగి ఊరుకుంటుంది, ఈమె అలా కూడా ఊరుకోదు అని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ నోటితోనే గోదావరి ఒడ్డున ఒక అడవిని లేపాను.

అడవి అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర వినిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ ఓపెన్‌కాస్టు తవ్వారు. బొగ్గు మీదున్న మట్టినీ రాళ్లనూ డంపర్లతో తెచ్చి ఏటి ఒడ్డున పోశారు. గుట్టలు గుట్టలుగా బూడిద రంగు మట్టి. ఎండాకాలం రామగుండం ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ మట్టి మీద చెప్పుల్లేకుండా నిలబడితే కాలు బొబ్బలెక్కేది. అక్కడ మొక్కలు నాటాలని గని కంపెనీవాళ్లు పిలిస్తే, మా కార్మికుల కాలనీలో అందరూ పోయి పోయి రాళ్లల్లో నాటుతారా అని నవ్వారు. నేను మాత్రం కొంగు నడుముకు చుట్టి వెళ్లాను. ఇంట్లో పిల్లలు బడికి పోయాక గోడలతో మాట్లాడటం కంటే మొక్కలతో మాట్లాడటం నయమనిపించింది.

మొదటి ఏడు పెట్టినవి ఎండిపోయాయి. రెండో ఏడు పెట్టినవి మేకలు తినగా మిగిలినవి ఎండిపోయాయి. మూడో ఏడు నేను మేస్త్రినయ్యాను. గుంత లోతు పెంచి, అడుగున చెరువు మట్టి వేసి, ట్యాంకరు రాని రోజు బిందెలతో మోయించాను. ఎవరైనా మొక్కకు నీళ్లు చాలించకపోతే ఒంటికాలి మీద లేచేదాన్ని. కానుగ, వేప, నేరేడు, దిరిసెన, వెదురు, సీతాఫలం. ఇవాళ వాటి కింద నడిస్తే నెత్తి మీద ఎండ పడదు. నెమళ్లు తిరుగుతాయి, కుందేళ్లు పరుగెత్తుతాయి. మా చేతులతో పెట్టని చెట్టు ఆ అడవి మొత్తంలో ఒక్కటే ఉంది. మద్దిచెట్టు.

అది ముందునుంచీ ఏటి ఒడ్డున ఉన్న చెట్టు. మట్టి పోస్తూ పోస్తూ దాని దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆపేశారు. మొదలు నడుము లోతు మట్టిలో కూరుకుపోయింది, అయినా చావలేదు. ఇద్దరు ఆడవాళ్లు చేతులు చాపి పట్టుకుంటే గానీ అందని మాను. తెల్లటి నున్నటి బెరడు. మేం మొదటిరోజు ఆ గుట్టల మీదకు వెళ్లినప్పుడు నీడ అన్నది ఉంటే దాని కిందే ఉండేది. సద్దిమూటలు దాని కిందే విప్పాం. నా చెట్లన్నీ దాన్ని చూసే పెరిగాయని నేను ఇప్పటికీ నమ్ముతాను. నవ్వేవాళ్లు నవ్వొచ్చు.

ఆ మద్దికి పైన, రెండు నిలువుల ఎత్తులో, ఒక తొర్ర ఉంది. కొన్నేళ్లుగా ప్రతి ఎండాకాలం ఒక పిట్టల జంట అక్కడికి వస్తోంది. బూడిద రంగు ఒళ్లు, ముక్కు మీద ఇంకో చిన్న ముక్కు మొలిచినట్టు ఉంటుంది. పుస్తకాల్లో దానికేదో పేరుంది గానీ మేం ముక్కుపిట్ట అంటాం. దాని సంసారం విచిత్రం. ఆడపిట్ట తొర్రలోకి దూరి, లోపల్నుంచే దారిని మట్టితో, రెట్టతో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. అందులో కూర్చుని గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది, రెక్కల ఈకలు కూడా లోపలే రాల్చుకుంటుంది. అంటే మధ్యలో బయటికి రావాలన్నా ఎగరలేదు. మగపిట్ట పొద్దస్తమానం పండ్లు, పురుగులు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. మా కాలనీలో చీకట్లోకి పోయేది మొగవాళ్లు, టిఫిను కట్టేది మేము. ఇక్కడ తిరగబడింది.

పోయిన ఎండాకాలం ఆ అడవికి మంచిరోజులు వచ్చాయి. జనం వచ్చి నడిచేలా దారి వేసి, గేటు పెట్టి, జూన్ మొదట్లో తెరవాలని నిర్ణయించారు. ఆ మాట విని నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. నవ్వినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి ఆ దారిలో నడిపించాలనుకున్నాను. అయితే ఆ దారి సరిగ్గా మద్ది కింద నుంచే పోయింది.

మొక్కల పని చూసే సారు కుర్రవాడు, వేరే జిల్లా నుంచి వచ్చాడు. చెట్ల చదువు చదివినవాడే. చెడ్డవాడేం కాదు. దారి పక్క చెట్లన్నీ చూసుకుంటూ వచ్చి మద్ది దగ్గర ఆగి, పైనున్న తొర్ర చూసి, దీన్ని కొట్టేయాలన్నాడు. దారి మీద తొర్ర పడ్డ చెట్టు ఉండకూడదని రూలు ఉందట. అప్పటికి ఆడపిట్ట లోపల మూసుకుని నెల దాటింది. మగపిట్ట రాకపోకలు చూస్తే పిల్లలు కూడా అయినట్టే ఉంది. చెట్టు పడితే తల్లి కూడా ఎగరలేదు, మొత్తం సంసారం నేలపాలు. ఆ సంగతి చెబితే సారు మొహం చిన్నబోయింది గానీ మాట మార్చలేదు. పిట్ట కోసం ఉంచితే రేపు ఏ పిల్లగాడి మీదో పడితే ఎవరు జవాబు చెప్పాలి అన్నాడు. చివరికి అతనే ఒక మెట్టు దిగాడు. తొర్ర పైన మాత్రమే ఉండి, కింద మాను గట్టిగా ఉందని తెలిసినవాళ్లెవరైనా తేలిస్తే ఆలోచిస్తానన్నాడు.

"తేల్చే మనిషి మా ఇంట్లనే ఉన్నడు సారూ. రేపు పట్టుకొస్త" అన్నాను.

మా ఇంట్లో మనిషి అంటే మా ఆయన. నాకు మేనబావ. పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తాను. ముప్పై ఏళ్లకు పైగా భూమి లోపల టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గనిలో మనుషుల నెత్తి మీద ఉండే బండ కప్పును చూసుకోవడం టింబర్‌మన్ పని. కడ్డీతో కప్పును తట్టి చూడాలి. గట్టిగా మోగితే పని చేసుకోవచ్చు. డొల్ల మోగితే, అంటే లోపల పొర విడిపోయి ఖాళీ ఉన్నట్టు తెలిస్తే, ఆ దారికి అడ్డంగా రెండు కర్రలు పెడతారు. ఇక ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ కర్రలు దాటకూడదు. అప్పుడు టింబర్‌మన్ దుంగలు తెచ్చి కప్పుకు సపోర్టు పెడతాడు. పెట్టాక ముందు తనే దాని కింద నిలబడాలి. కాసేపు నిలబడి, రాండ్రి అని పిలిస్తేనే మిగతావాళ్లు వస్తారు. తను నిలబడని చోట ఇంకొకడిని నిలబెట్టొద్దని మా బావ కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడట. ఆయన సపోర్టు పెట్టిన చోట అన్నేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పుకోడు. ఆయన బదులు నేనే చెప్తుంటాను.

ఒక్క లోపం ఉంది. డ్రిల్లు మిషన్ల మోతలో, బొగ్గు పేల్చే చప్పుళ్లలో ఆయన చెవులు పోయాయి. ఒప్పుకోడు. టీవీ పెడితే వీధి చివరివాళ్లకు కూడా వార్తలు తెలుస్తాయి. నేను కూరగాయలేం తేవాలో చెబితే పక్క క్వార్టర్‌లోవాళ్లు మళ్లీ మొదలైందని కిటికీ వేసుకుంటారు. దవాఖానకు పోయి మిషను పెట్టించుకోమంటే, నాకు అవసరమైనవి వినవడుతున్నయి అంటాడు.

ఆ సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. పిట్ట సంగతి, సారు సంగతి, తేల్చమన్న సంగతి. చివర్న, గట్టిగుందని ఒక్క మాట చెప్తే చాలు అని కూడా అన్నాను. ఆయన తలకాయ ఊపి, చూద్దాం అన్నాడు. ఆ 'చూద్దాం' నేను సరిగా పట్టించుకోలేదు. మా ఆయన మనవైపే కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పొన్నుకర్ర పట్టుకుని నాతో వచ్చాడు. కర్ర చివర ఇనుప పొన్ను ఉంటుంది, రిటైరయ్యాక అదే ఆయన కడ్డీ. మద్ది దగ్గర సారు ఉన్నాడు, వాచ్‌మన్ ఉన్నాడు, మా ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. నేను చేతులు కట్టుకుని పెళ్లికొడుకు తల్లిలాగా నిలబడ్డాను. మా బావ ఎడమ చెయ్యి మానుకు ఆనించి, కుడిచేత్తో కర్ర పట్టుకుని, తట్టుకుంటూ చెట్టు చుట్టూ తిరిగాడు. ఒకసారి తిరిగి, ఇంకోసారి తిరిగాడు. తర్వాత సారు వైపు చూసి, ఎప్పటిలాగే పెద్ద గొంతుతో చెప్పాడు.

"డొల్ల."

అంతటితో ఆగలేదు. కింద పడి ఉన్న రెండు ఎండుకొమ్మలు తీసి దారికి అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

అక్కడున్న ఆడవాళ్లందరూ ఎవరు? గని కార్మికుల పెళ్లాలు, బిడ్డలు, తోడబుట్టినవాళ్లు. కోర్టులో శిక్ష పడితే పై కోర్టుకు పోవచ్చు. టింబర్‌మన్ డొల్ల అంటే ఇక పైన ఎవరూ లేరు. అప్పటిదాకా ఆ చెట్టు మొదట్లో కూర్చుని సద్ది తిన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి ఇవతలికి వచ్చేశారు. వాళ్లలో ఒకామె మగడు ఎన్నో ఏళ్ల కింద గనిలో కప్పు కూలి పోయాడు. ఆమె చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని, అందరికంటే దూరంగా పోయి నిలబడింది. నా జడ్జిని నేనే పిలుచుకొచ్చి నా చెట్టుకు ఉరిశిక్ష వేయించుకున్నాను.

అప్పుడు నా నోరు జారింది.

"ఈయన మాట ఏం వింటరు సారూ. ఈయనకు చెవులే వినవడవు. టీవీ ఇల్లు పగిలేటట్టు మోగితె తప్ప వినవడదు. డొల్లనో గట్టిదో ఈయనకేం తెలుస్తది?"

ఎవరూ నవ్వలేదు. మా బావ నా మొహం వంకే చూస్తున్నాడు. చెవులు వినపడనివాళ్లు పెదవులు చదువుతారు, అందులో నా పెదవులు ఆయనకు ముప్పై అయిదేళ్ల అలవాటు. అంతా అర్థమైంది ఆయనకు. కర్ర చంకలో పెట్టుకుని, అడ్డంగా పెట్టిన కొమ్మలను ఒకసారి సరిచేసి, గేటు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. సారు తల వంచుకుని, శనివారం రంపం మిషను వాళ్లు వస్తారమ్మా అన్నాడు. ఆ రోజు మంగళవారం.

ఇంటికి వెళ్లేసరికి బావ అన్నం వండి ఉంచాడు. తిన్నాడు, నాకు పెట్టాడు. మాట లేదు. టీవీ పెట్టలేదు. నేనే పోయి పెట్టి, ఆయనకు వినిపించేంత మోత పెంచాను. లేచి కట్టేసి మళ్లీ కూర్చున్నాడు. బుధవారం కూడా అంతే. ఆ క్వార్టర్‌లో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరుగను. పక్కింటామె కిటికీ తెరిచి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. నేను ఎవరితోనైనా పోట్లాడి గెలవగలను గానీ మాట్లాడని మనిషితో ఎలా గెలవాలో నాకు తెలియదు. తప్పు చేశానని తెలుసు. కానీ చెట్టు పోతోందన్న కోపం, పిట్ట మీద బెంగ, ఆయన మీద ఉక్రోషం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, క్షమించమనే మాట పైకి రానివ్వలేదు.

గురువారం తెల్లవారగానే ఎవరూ రాకముందే అడవికి వెళ్లాను. మగపిట్ట అప్పటికే పనిలో ఉంది. రావిపండ్లు గొంతు నిండా నింపుకుని వచ్చి, మాను పట్టుకుని, ఒక్కొక్కటే కక్కి సందులోకి అందిస్తోంది. లోపల్నుంచి తల్లి ముక్కు కొస మాత్రం కనిపిస్తోంది. దానికేం తెలుసు, ఎల్లుండి రంపం వస్తుందని.

నేను గడ్డపార తీసుకుని కొమ్మల అడ్డం దాటాను. నా జన్మలో అలాంటి అడ్డం దాటడం అదే మొదలు. మానును తట్టాను. టక్ అంది. పక్కనున్న కానుగను తట్టాను. అదీ టక్ అంది. నా చెవులకు ఏ లోపమూ లేదు. ఏటి గాలి, ఆకుల గలగల, అవతలి క్వారీలో డంపర్ల మోత, అన్నీ వినిపిస్తున్నాయి. డొల్ల ఒక్కటే వినిపించలేదు. మంచి చెవులున్న నాకే తేడా తెలియలేదంటే, చెవుల్లేని ఆయనకు ఎలా తెలిసింది? ఊరికే నోటికి వచ్చింది అనేశాడా? ఆయన అలా అనే మనిషి కాదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎడమ చెయ్యి. మంగళవారం చెట్టు చుట్టూ తిరిగినంతసేపూ ఆయన ఎడమ అరచెయ్యి మాను మీదనుంచి తీయలేదు.

నేనూ అరచెయ్యి ఆనించి తట్టాను. కానుగ దగ్గర చేతికి ఏమీ తెలియలేదు. మద్ది దగ్గర తెలిసింది. చల్ల చిలికేటప్పుడు కుండ మీద చెయ్యి పెడితే లోపల కదిలే వణుకు తెలుస్తుంది చూశారా, సరిగ్గా అలాగే. సన్నగా, బెరడు వెనకనుంచి. ఇంకోసారి తట్టాను. మళ్లీ అదే.

ఒక్కసారిగా అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. కుక్కరు పక్కన కూర్చుని విజిలు వచ్చిందో లేదో తెలియక పిడి మీద చెయ్యి పెట్టి ఉంచేవాడు. ఎవరైనా వస్తారనుకున్నప్పుడు తలుపుకు వీపు ఆనించి కూర్చునేవాడు, చప్పుడు ఒంటికి తెలియాలని. మా అమ్మ పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నేను అటు తిరిగి పడుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తుంటే, వెనకనుంచి వచ్చి వీపు మీద చెయ్యి పెట్టి, ఏడువకు అన్నాడు. చప్పుడు లేకుండా ఏడుస్తుంటే ఎలా తెలిసిందా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. అడగలేదు. ఇన్నేళ్లూ ఈ మనిషికి ఏమీ తెలియదని ఊరంతా చాటుతూ తిరిగింది నేనే. నాకంటే గుడ్డిది, చెవిటిది ఎవరు?

సిగ్గుతో చచ్చిపోయాను. దానికి తోడు ఇంకో బాధ. ఆయన చెప్పింది నిజమైతే చెట్టు పోయినట్టే.

పనికి పోకుండా తిన్నగా ఇంటికి వచ్చాను. బావ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన మొహానికి ఎదురుగా కింద కూర్చుని, అరవకుండా, పెదవులు కనిపించేలా చెప్పాను.

"బావా, తప్పు నాదే. నీ చెయ్యి సంగతి నాకు ఇయ్యాల తెలిసింది. చెట్టు డొల్లనే."

ఆయన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. రెండు రోజుల తర్వాత ఆయన గొంతు విన్నాను.

"డొల్ల అన్న. పడుతదన్ననా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే మళ్లీ అందుకున్నాడు. "డొల్లనా గట్టిదా అని అడిగినవ్. చెప్పిన. ఉంచాల్నా తీసెయ్యాల్నా అని ఎవరడిగిన్రు? డొల్ల మోగిన కాడల్ల పని బందు వెట్టుకుంట పోతె గని ఎక్కడ నడుస్తది? సపోర్టు వెడ్తం. గందుకే గదా మమ్ముల వెట్టుకున్నది."

"మరి మంగళవారం నాడే ఎందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా నువ్వు?"

నేను లేచి ఆయన గ్లాసు నిండా మళ్లీ చాయ్ పోసి తెచ్చాను.

శుక్రవారం పొద్దున ఆయన చాక్‌పీసు తెచ్చుకుని మద్దిని మొదలు నుంచి అందినంత ఎత్తు వరకు తట్టి గీతలు గీశాడు. లోపలి డొల్లకు దారి వైపు గోడ పలచన, ఏటి వైపు గోడ మందం. చెట్టు వాలు కూడా ఏటి వైపే. ఒకవేళ ఎప్పుడైనా పడినా నీళ్లలోకి పడుతుంది గానీ మనుషుల మీద పడదు. భయమల్లా దారి మీదికి అడ్డంగా చాచిన ఒక్క పెద్దకొమ్మది. పలచటి గోడ మీద దాని బరువంతా ఉంది. ఆ బరువు కింద నుంచి మోస్తే చాలు. దారిని కొంచెం పక్కకు జరపమని నేను సారును అడిగితే జరిపిస్తానన్నాడు. కొమ్మ మాట ఎత్తితే మాత్రం, శనివారం వచ్చి చూసి చెప్తానన్నాడు.

గాలివానకు పడిన నీలగిరి దుంగలు అడవి చివర ఉన్నాయి. వాటిలోంచి పంగ ఉన్నదాన్ని ఆయనే ఎంచాడు. మేం ఆరుగురం ఆడవాళ్లం మోసుకొచ్చాం. మొదట నేను అడిగినప్పుడు ఎవరూ కదల్లేదు. మా బావ పిలిచాక వచ్చారు. నా మాటకు ఎంత విలువుందో ఆ రోజు బాగా తెలిసింది. కింద మట్టి మెత్తన కాబట్టి గుంత తీసి వెడల్పాటి బండ పరిపించాడు. దాని మీద దుంగ నిలబెట్టి, పంగలో కొమ్మ కూర్చునేలా చేసి, సందులో చెక్కముక్క దూర్చి బిగించాలి. సుత్తి ఎత్తబోయి ఆగాడు. వాచ్‌మన్ దగ్గర గోనెపట్టా అడిగి తెప్పించి సుత్తికి చుట్టాడు.

"లోపట మనుషులున్నరు" అన్నాడు.

పిట్టలు అనలేదు, మనుషులు అన్నాడు. మెల్లగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి ఆనించి చూసుకుంటూ కొట్టాడు. మధ్యాహ్నం దాకా పట్టింది. మగపిట్ట కాసేపు దిరిసెన మీద కూర్చుని అరిచి, మా వల్ల హాని లేదని తెలుసుకుని తన పని తాను చేసుకుంది. అడ్డంగా పెట్టిన ఎండుకొమ్మలను మాత్రం ఆయన తీయలేదు.

శనివారం రంపం మిషను వచ్చింది, సారు వచ్చాడు. దుంగను చూశాడు, చాక్‌పీసు గీతలు చూశాడు, నేను చెప్పిందంతా విన్నాడు. బాగానే చేశారమ్మా, కానీ రేపటికి ఎవరు పూచీ అన్నాడు. పూచీ అన్న మాటకు నేను నోరు తెరిచేలోపే మా బావ కదిలాడు. సారు మాటలు ఆయనకు వినబడి ఉండవు. సారు మొహంలో ఉన్నది చూశాడేమో. వెళ్లి ఎండుకొమ్మలు రెండూ తీసి పక్కన పడేశాడు. పెద్దకొమ్మ కింద, దుంగ పక్కన, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

రంపం తెచ్చినవాళ్లకూ సారుకూ అది ఏమిటో తెలియదు. మా ఆడవాళ్లందరికీ తెలుసు. ఏటి మీదనుంచి గాలి వచ్చింది. కొమ్మ కిర్రుమంది. ఆయన తల ఎత్తి కూడా చూడలేదు. ఇక కాసేపటికి, రాండ్రి అని పిలవాలి. పిలిచేదాకా ఎవరూ వెళ్లకూడదు, అది పద్ధతి.

నేను ఆగలేదు. నడుచుకుంటూ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

ఆయన గని నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లను కిందికి దిగనిచ్చేవాళ్లు కాదు. ఆయన పెట్టిన దుంగల కింద ఎందరో నిలబడ్డారు, పని చేశారు, క్షేమంగా పైకి వచ్చారు, ఆ అన్నమే నేను ఇన్నేళ్లు తిన్నాను. ఆయన పెట్టిన దుంగ ఒక్కటంటే ఒక్కటి నేను కళ్లారా చూసింది లేదు. ఆదివారాలు చర్చిలో ఆయన క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థన చేశాను గానీ, ఆయన చేతి పనిని నమ్మాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చింది. నెత్తి మీద అంత బరువు, కింద ఆయన దుంగ, మధ్యలో నేను. భయం వేయలేదు.

"నిన్ను పిలువలే గదనే ఇంక" అన్నాడు బావ, ఏటి వైపే చూస్తూ.

నేను ఆయన చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకున్నాను. మెల్లగా, ఆ చెయ్యికి మాత్రమే తెలిసేలా, గట్టిగుంది బావా అన్నాను.

ఆయన నవ్వాడు. అటు తిరిగి పెద్ద గొంతుతో, "రాండ్రి" అని పిలిచాడు. అందరికంటే ముందు, అందరికంటే దూరంగా నిలబడిన ఆమె వచ్చింది, గనిలో మగడు పోయినామె. కొమ్మ కిందికి వచ్చి, దుంగ మీద చెయ్యి పెట్టి, పైకి కిందికి చూసుకుని, అక్కడే కూర్చుని సద్దిమూట విప్పింది. తర్వాత మా వాళ్లంతా వచ్చారు. చిట్టచివర సారు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు, ఎందుకు విప్పాడో అతనికే తెలియాలి. రంపం మిషను వచ్చిన బండిలోనే వెనక్కి పోయింది.

అడవి తెరిచారు. జనం వస్తున్నారు, నన్ను చూసి నవ్వినవాళ్లతో సహా. తొలివాన పడిన వారానికి తల్లిపిట్ట మట్టిగోడ పగలగొట్టుకుని బయటికి వచ్చింది, దాని వెనకాల రెండు పిల్లలు. మా బావ ఇప్పటికీ వారానికోసారి వచ్చి, దుంగ మీద ఒకసారి, మాను మీద ఒకసారి చెయ్యి పెట్టి చూస్తాడు. అంతసేపూ నేను పక్కన నోరు మూసుకుని నిలబడతాను.